ఆర్డెల్లా పక్కన వయొలిన్ పట్టుకుని

దుబాయ్ వెళ్లొచ్చానని తెలిసినప్పటినుంచీ మా గుంటూరు వీధిలో అందరూ నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. బంగారం నిజంగా అంత చవకా, ఎడారిలో చలి వేస్తుందా, ఆడమనిషి ఒంటరిగా రోడ్డు మీద తిరగొచ్చా అని. మూడింటికీ జవాబు అవుననే. ఎనభైల నడుమ ఒక డిసెంబరులో పది రోజులు ఉండి వచ్చినదాన్ని, అంతకన్నా పెద్ద జవాబులు చెప్పే అర్హత నాకు లేదు. కానీ అక్కడ ఒక గాయని పక్కన కూర్చుని వయొలిన్ వాయించాను. ఆమె గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నా పేరు విశాలాక్షి. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పుతాను, సాయంత్రాలు ఒక లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. దుబాయ్‌లోని తెలుగు సంఘం మా నలుగురిని రెండు కచేరీలకు పిలిచింది. మొదటిది వెళ్లిన శుక్రవారమే. రెండోది ఆ పై వారం శనివారం. నడుమ రోజులు ఊరు చూడమన్నారు. మిగతా ముగ్గురూ చూశారు. నాకు వేరే పని తగిలింది.

దుబాయ్

మొదటి కచేరీ ఒక ఇండియన్ స్కూలు హాల్లో జరిగింది. అయిపోయాక ఒక గోవా ఆయన వేదిక దగ్గరికి వచ్చాడు. క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పెద్ద హోటల్లో బాండ్ మాస్టరట. అమెరికా నుంచి ఆర్డెల్లా అనే నల్లజాతి గాయని వచ్చిందనీ, మూడు ఊళ్లలో నాలుగు ప్రదర్శనలు ఉన్నాయనీ, ఆమెతో రావలసిన వయొలిన్ వాళ్లిద్దరూ చివరి నిమిషంలో మానుకున్నారనీ చెప్పాడు.

"మీకు మా నొటేషన్ చదవడం వచ్చా?" అని అడిగాడు.

రాదన్నాను.

"పరవాలేదు. ఆమెకూ రాదు," అన్నాడు.

మర్నాడు పొద్దున అబ్రాలో క్రీక్ దాటి వెళ్లాను. అబ్రా అంటే పైకప్పున్న చిన్న మోటారు పడవ. నడుమ బల్ల మీద ఇరవై మందిమి వీపులు ఆనించుకుని కూర్చుంటే, పావు దిర్హానికి అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. దిర్హం అంటే మన మూడు రూపాయల పైచిలుకు. నాకు ఒక పక్క పఠాన్, ఇంకో పక్క ఒడిలో చేపల బుట్ట పెట్టుకున్న ఇరానీ ముసలాయన. ఆ బుట్టలోంచి కారిన నీళ్లు నా పట్టుచీర అంచుకు తగిలి, అక్కడున్నన్నాళ్లూ ఆ చీర చేపల వాసనే కొట్టింది.

హోటల్ ముందు గుమ్మంలోంచి వెళ్లబోతే కాపలావాడు నా వయొలిన్ పెట్టె చూసి వెనక గేటు చూపించాడు. అక్కడ కొత్త గదులు కడుతున్నారు. సిమెంటు కలుపుతున్న వాళ్లలో ఒకతను నన్ను చూసి చెయ్యి ఆపాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో.

"అక్కా, మనోళ్లేనా? తెలుగేనా?"

"తెలుగే. గుంటూరు."

"మాది మెట్‌పల్లి దిక్కు. నా పేరు గంగారాం. వచ్చి రెండేండ్లయితుంది. ఆడమనిషి నోట మన మాట ఇని గూడ గన్నేండ్లే అయితుంది." నవ్వాడు. "లోపట పాట ఉన్నదా?"

"రేపు సాయంత్రం. అమెరికా ఆమె పాడుతుంది."

"మమ్ముల రానియ్యరు గని, వంటింటి కిటికి కాడ నిలవడ్తె ఇనవడ్తదేమో సూస్త. శుక్రారం మాకు సెలవే. మా రూముకు రాండ్రి అక్కా. అల్ కుసైస్ల ఉంటం. మీ హోటల్ డ్రైవర్ మస్తాన్ భాయ్‌కి ఎరికే."

ముదీర్ వస్తున్నాడని ఎవరో కేకేశారు. ముదీర్ అంటే మేనేజరు. గంగారాం మళ్లీ పార అందుకున్నాడు.

లోపల ఖాళీ హాల్లో ఆర్డెల్లా చెప్పులు విప్పేసి, వేదిక అంచున కూర్చుని కమలాపండు వలుచుకుంటోంది. నలభై అయిదు దాటిన మనిషి. భారీ ఒళ్లు, బాగా కత్తిరించిన జుట్టు, పెద్ద పెద్ద కళ్లు. నాకు సగం పండు ఇచ్చి, "తిను. తర్వాత వాయిద్దాం," అంది.

ఆమె పాడేదాన్ని సోల్ అంటారు. అమెరికాలో నల్లవాళ్ల చర్చిల్లో పుట్టి, బయటికి వచ్చి ప్రేమనూ కష్టాన్నీ పాడుకున్న పాట అది. మన భజనలో లాగే ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. గొంతు ఒక స్వరం మీద ఊరికే నిలబడదు. దాన్ని వంచుతుంది, సాగదీస్తుంది, పక్క స్వరాన్ని తాకి వెనక్కి తెస్తుంది. మొదటి నిమిషంలోనే ఇది గమకమే కదా అనుకున్నాను. పక్కవాద్యం వాయించే అలవాటు కొద్దీ ఆమె వేసిన ప్రతి సంగతినీ వెంటనే వేస్తూ పోయాను.

రెండు పాటలయ్యాక ఆమె ఆపింది.

"నువ్వు చాలా మర్యాదస్తురాలివి, విశా. నేనేమంటే అదే అంటున్నావు."

"మా పద్ధతి అది. పాడేవాళ్ల వెనకే నడుస్తాం."

"నా వెనక నడవకు. నాకు జవాబు చెప్పు. నేను మనసు పెట్టకుండా పాడితే అది కూడా చెప్పు."

మళ్లీ ఎత్తుకుంది. ఒకచోట పాట ఆపేసి నా వైపు చూసింది. ఏం వాయించాలో తోచక ఖరహరప్రియలో ఒక చిన్న ముక్క వేశాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అదే ముక్కను గొంతులో తిప్పి నాకు వెనక్కి పంపింది. గోవా బాండ్ వాళ్లు వాయించడం మానేసి మమ్మల్ని చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా కచేరీల్లో వాయిస్తున్నదాన్ని, నాతో అలా ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం సాయంత్రం మొదటి ప్రదర్శన. హాలు నిండింది. ఇంగ్లీషు ఇంజనీర్లు, సింధీ వ్యాపారులు, తెల్లటి అంగీల్లో కొందరు అరబ్బులు. చివరి పాటకు అందరూ లేచి నిలబడ్డారు. వంటింటి వైపు కిటికీలో ఎవరైనా ఉన్నారేమోనని చూశాను కానీ దీపాల వెలుగులో ఏమీ కనబడలేదు.

దేరా

మమ్మల్ని ఊరూరా తిప్పడానికి హోటల్ వాళ్లు ఇచ్చిన డ్రైవరు మస్తాన్ భాయ్. సొంతూరు కావలి దగ్గర. తెలుగు, ఉర్దూ, అరబ్బీ ఒకే వాక్యంలో కలిపేస్తాడు. హోటల్ తిండి తిని ఆర్డెల్లాకు నోరు చచ్చిపోయిందని తెలిసి, సోమవారం పొద్దున మమ్మల్ని దేరా పేటలో ఒక నెల్లూరాయన భోజనశాలకు తీసుకెళ్లాడు.

"అమ్మా, ఈడ చేపల పులుసు తింటే మీ అమెరికా గుర్తు రాదు. యల్లా, కూర్చోండి," అన్నాడు.

అన్నం, చేపల పులుసు, తోటకూర పప్పు కలిపి నాలుగు దిర్హాలు. మా హోటల్లో గ్లాసు కమలారసానికే పదిహేను. ఆర్డెల్లా చెంచా పక్కన పెట్టి చేత్తో తినడం మొదలుపెట్టింది. వాళ్ల అమ్మమ్మ కూడా నది చేపలు వండేదట, ఆకుకూర మెత్తగా ఉడికించి మొక్కజొన్న రొట్టెతో పెట్టేదట. రొట్టె ముక్కను చేత్తో తుంచి ఆకుకూరలో ముంచి తినాలట. "మా ఇంట్లో జొన్నరొట్టె," అన్నాను. తర్వాత ఆమె కంచం పక్కనున్న ఊరమిరపకాయను ఏదో చిక్కుడు అనుకుని మొత్తం నోట్లో వేసుకుంది. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. మస్తాన్ భాయ్ చక్కెర డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. ఏడుస్తూనే ఇంకోటి అడిగింది.

అబుదాబి

సోమవారం మధ్యాహ్నం బయలుదేరి చీకటి పడకముందే అబుదాబి చేరాం. దారి పొడుగునా ఇసుక, అక్కడక్కడ ఒంటెలు. ఒంటె రోడ్డుకు అడ్డం వస్తే హారన్ కొట్టకూడదని, దిగి బతిమాలుకోవాలని మస్తాన్ భాయ్ చెప్పాడు. ఒకచోట నిజంగానే దిగి ఉర్దూలో బతిమాలాడు. ఒంటె వినలేదు. ఇరవై నిమిషాలు ఆగాం.

మంగళవారం పొద్దున నేను టీ తాగుతుంటే బాండ్ మాస్టరు ఇంగ్లీషు పత్రిక తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. లోపలి పేజీలో ఆర్డెల్లా ఫొటో. మూడేళ్ల క్రితం ఆమె దక్షిణాఫ్రికాలో పాడిందని రాశారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకచోట కూర్చోకూడదని చట్టం ఉన్న దేశం. అక్కడికి వెళ్లి పాడొద్దని, ఆడొద్దని ప్రపంచమంతా చెబుతున్న కాలం. వెళ్లినవాళ్ల పేర్లతో జాబితాలు తయారయ్యాయట, అందులో ఈమె పేరుందట. ఆమె సొంత వయొలిన్ వాళ్లు అందుకే రానన్నారని కూడా రాశారు. అంటే వాళ్లు నీతి కోసం వదిలేసిన కుర్చీలో నేను కూర్చున్నానన్నమాట. టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం సగం బల్లలు ఖాళీ. ఆర్డెల్లా అన్ని పాటలూ పాడింది కానీ నాకు జవాబుకు జాగా ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ప్రదర్శన అవగానే దుబాయ్ హోటల్ ముదీర్ ఆమెకు ఫోను చేశాడు. బేరూత్ నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ చిరాకు పడడు. గురువారం ఒక విలేకరిని పిలిచాననీ, దక్షిణాఫ్రికా పద్ధతులు తనకు తెలియవని ఆమె ఒక్క మాట చెబితే చాలనీ, శుక్రవారం చివరి ప్రదర్శన నిండిపోతుందనీ చెప్పాడట.

"ఏం చెప్పారు?" అని అడిగాను.

"ఆలోచిస్తానన్నాను," అంది.

మసాఫీ దారిలో

బుధవారం మేము తూర్పు తీరానికి, ఖోర్ ఫక్కాన్‌కు బయలుదేరాం. ఇసుక అయిపోయి కొండలు మొదలయ్యాయి. చెట్టూ గడ్డీ లేని ఇటుక రంగు కొండలు. మసాఫీ అనే ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా కారు ముందు నుంచి ఆవిరి లేచింది.

"ఫికర్ పడమాకండమ్మా," అన్నాడు మస్తాన్ భాయ్. "రేడియేటర్ కాగిపోయుండాది. గంటసేపు ఆగితే ఖలాస్, మళ్లా పోదాం."

రోడ్డు పక్క ఇంటి ముందు ఒక ముసలి అరబ్బు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఏ ఊరు, ఏ పని అని అడక్కుండానే చాప పరిచాడు. ఖర్జూరాలు పెట్టాడు. చేతిలో పట్టే చిన్న గిన్నెల్లో యాలకుల వాసన వేసే కాఫీ పోశాడు. చక్కెర లేదు, పాలు లేవు. మర్యాద కోసం తాగేశాను. మళ్లీ పోశాడు. తాగాను. అలా ఏడు గిన్నెలయ్యాయి.

"అమ్మా, గిన్నె ఊపండి!" అని కారు దగ్గర నుంచి మస్తాన్ భాయ్ అరిచాడు. "ఊపకపోతే ఆయన పోస్తానే ఉంటాడు!"

వద్దనడానికి ఇక్కడ గిన్నెను అటూ ఇటూ ఆడించాలట. మన ఇళ్లలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. ముసలాయన పళ్లు లేని నోటితో హాయిగా నవ్వాడు. ఆర్డెల్లా కూడా రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నాకు అడిగే ధైర్యం వచ్చింది.

"పత్రికలో రాసింది నిజమేనా?"

"నిజమే. పది రోజులు పాడాను."

ఖర్జూరం గింజ చేతిలో పట్టుకుని చెప్పింది. ఆమె రికార్డులు కొనేవాళ్లు లేక నాలుగేళ్లయిందట. పెద్ద హాలు, పెద్ద బాండు అని పిలుపు వచ్చింది. తనను మళ్లీ ఎవరైనా వింటారన్న ఆశతో వెళ్లింది.

"దిగగానే ఒక కాగితం ఇచ్చారు. దాని ప్రకారం నేను అక్కడున్నన్నాళ్లూ తెల్లదాన్ని. గౌరవార్థం. తెల్లవాళ్ల హోటల్లో ఉండొచ్చు, వాళ్ల బల్ల దగ్గర తినొచ్చు. నా గది ఊడ్చే ఆమెదీ నా రంగే. మొదటి రోజు, ఎలా ఉన్నావని పలకరించాను. బాగున్నాను మేడమ్ అంది, నేల చూస్తూ. పది రోజులూ నేల చూస్తూనే అంది."

"మానేసి వచ్చేయొచ్చు కదా?"

"మొదటి రోజే రావచ్చు. రెండో రోజూ రావచ్చు. రోజూ అదే అనుకుంటూ వెళ్లి పాడాను. ఇంటికొచ్చాక మా చర్చిలో నన్ను పాడనివ్వలేదు. మా అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది."

నాకు ఏడెనిమిదేళ్ల క్రితం పల్నాడులో ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లి కచేరీ గుర్తొచ్చింది. ఆ పొద్దున సన్నాయి మేళం వాళ్లూ నేనూ కలిసి ఒకే రాగం వాయించాం. వాళ్లలో పెద్దాయన నా కల్యాణి విని కళ్లు తుడుచుకున్నాడు. భోజనాల వేళ నన్ను హాల్లో పీట మీద కూర్చోబెట్టారు. వాళ్లకు గొడ్లచావిడి పక్కన ఆకులు వేశారు. నేను పులిహోర రెండోసారి వడ్డించుకున్నాను. ఆ సంగతి ఆర్డెల్లాకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు.

"ఆయన పేరేమిటి?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆమె తల ఊపింది. ఊడ్చే ఆమె పేరు తనకూ తెలియదంది.

ఖోర్ ఫక్కాన్

కొండల నడుమ నుంచి ఒక్కసారిగా సముద్రం కనబడింది. దుబాయ్ సముద్రంలా కాదు, ముదురు నీలం. ఓడరేవు, చేపల పడవలు, ఒడ్డున మా హోటల్. ఇక్కడ టీ చవక. ముప్పావు దిర్హానికి పెద్ద గ్లాసు. జాలర్లు నీళ్లలోంచి వల లాగుతుంటే ఆర్డెల్లా పావుగంట నిలబడి చూసింది.

ప్రదర్శనకు ముందు సూడాన్ నుంచి వచ్చిన ఓడరేవు గుమాస్తా ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. పొడవాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో టికెట్టు.

"మేడమ్, మీ పాటలు నా దగ్గర క్యాసెట్ మీద ఉన్నాయి. నెల క్రితమే టికెట్టు కొన్నాను," అన్నాడు. "నిన్న పత్రిక చూశాను. ఇవాళ నేను లోపల కూర్చోను. ఆ మాట మీ మొహం మీద చెప్పాలని వచ్చాను. వెనక నుంచి అనడం బాగుండదు."

ఆర్డెల్లా లేచి నిలబడింది. "చెప్పినందుకు కృతజ్ఞతలు," అంది. ఆయన వంగి నమస్కరించి వెళ్లిపోయాడు.

ఆమె వేదిక ఎక్కి మొదటి పాట మొదలుపెట్టింది. గొంతు కదిలింది కానీ అందులో ప్రాణం లేదు. మనసు పెట్టకుండా పాడితే చెప్పమని దుబాయ్‌లో ఆమె అన్న మాట నాకు జ్ఞాపకం వచ్చింది. జాగా ఇవ్వకపోయినా మధ్యలో దూరి గట్టిగా ఒకే స్వరం పట్టుకుని ఆపకుండా లాగాను. బాండ్ మాస్టరు కంగారుగా చూశాడు. ఆర్డెల్లా ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి కడుపులోంచి వచ్చింది. వినేవాళ్లు ముప్పై మందే ఉన్నారు.

మళ్లీ దుబాయ్

గురువారం మధ్యాహ్నం ముదీర్ గదిలో విలేకరి కూర్చుని ఉన్నాడు. మలయాళీ, పాతికేళ్లు దాటవు. ముదీర్ ఒక టైపు చేసిన కాగితం ఆర్డెల్లా ముందుకు జరిపాడు. అక్కడి నియమాలు నాకు తెలియవు, తెలిస్తే వెళ్లేదాన్ని కాను అని రెండు వాక్యాలు. ఆమె చదివి, మడిచి, నా చేతికిచ్చింది. నేను ఎందుకున్నానంటే, రమ్మని ఆమె అడిగింది కనుక.

విలేకరి పెన్ను తీశాడు. "అక్కడి పరిస్థితి మీకు తెలియదంటున్నారు. నిజమేనా?"

"కాదు," అంది ఆర్డెల్లా. "మొదటి రోజే తెలిసింది. అయినా పది రోజులూ పాడాను. తప్పు చేశాను. ఇంకెప్పుడూ వెళ్లను. అంతే రాసుకోండి."

విలేకరి రాసుకున్నాడు. ముదీర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, మీరు నాకు సాయం చేయనివ్వడం లేదు," అన్నాడు. "రేపటి ప్రదర్శన ఖలాస్. శనివారం పొద్దున విమానానికి టికెట్టు వేయిస్తాను."

మెట్లు దిగుతుంటే ఆమె ఆగింది. నా భుజం పట్టుకుంది. భయమేస్తోందా అని అడిగాను. ఇక ఎవరూ పిలవరని అంది. పిలుస్తారని నేను అనలేదు. నాకు తెలియదు కదా.

అల్ కుసైస్

శుక్రవారం పొద్దున్నే గంగారాం పిలుపు గుర్తొచ్చి వెళ్దామా అని అడిగాను. ఆర్డెల్లా వస్తానంది.

మస్తాన్ భాయ్ కారు ఇసుక, రేకుల షెడ్లు దాటుకుంటూ వెళ్లింది. ఒక్కో గదిలో పదిమంది, మంచాల మీద మంచాలు. సెలవు రోజు కాబట్టి బయట తీగల నిండా బట్టలు. వీళ్లను ఈ దేశంలో బ్యాచిలర్లంటారు. గంగారాంకు భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, అయినా బ్యాచిలరే. పెళ్లాం పక్కన లేకపోతే చాలట. మాకోసం కోడికూర, బగారన్నం వండారు. పాతికమంది నేల మీద చాపలు వేసుకుని కూర్చున్నారు.

తిన్నాక గంగారాం పాట అడిగాడు. ఆర్డెల్లా నన్ను ఆపింది.

"ముందు వీళ్లకు చెప్పాలి. హోటల్‌కు వచ్చినవాళ్లు పత్రిక చదివారు. వీళ్లు చదవలేదు."

"వీళ్లకెందుకమ్మా అదంతా?" అన్నాడు మస్తాన్ భాయ్. "పండగ మాదిరిగా ఉండారు. పాడెయ్యండి, సరిపోద్ది."

ఆమె వినలేదు. ఒక్కో వాక్యం చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. కాగితం సంగతి, హోటల్ సంగతి, ఊడ్చే ఆమె సంగతి. ఒకతను లేచి బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లిపోయాడు. గంగారాం నా వైపు తిరిగాడు.

"అక్కా, ఒక్క ముచ్చట అడుగు. గా ఊడ్సే తల్లి, ఈమె పాట ఇన్నదా?"

నేను అడిగాను. ఆర్డెల్లా తల అడ్డంగా ఊపింది. "లేదు. ఆమెను హాల్లోకి రానివ్వరు."

"మమ్ముల గూడ రానియ్యలె," అన్నాడు గంగారాం. గొంతులో కోపం లేదు. "కిటికి కాడ నిలవడితే వంటాయిన ఎల్లగొట్టిండు. రెండు ముక్కలే ఇన్న. మిగిలింది ఇప్పుడు పాడుమను. గని ముందుగాల మాది ఇనాలె."

వాళ్లమ్మ నాట్లేస్తూ పాడే పాట అన్నాడు. గరుకు గొంతుతో ఎత్తుకున్నాడు. అతను ఒక వరస అంటే పాతికమందీ అందుకున్నారు. రెండో చరణానికి ఆర్డెల్లా కళ్లు మూసుకుని, మాటలు లేకుండా, వాళ్లతోపాటే అందుకోవడం మొదలుపెట్టింది. నేను వయొలిన్ తీశాను. పక్క గదుల వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. తర్వాత ఆమె పాడింది. ఒక్క మాటా అర్థం కాకపోయినా ఎక్కడ అందుకోవాలో వాళ్లకు తెలిసిపోయింది. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడగానే అందరం ఆగాం. మస్తాన్ భాయ్ నమాజు చేసి వచ్చాక మళ్లీ మొదలైంది.

వెళ్లేటప్పుడు గంగారాం ఆమెతో చెయ్యి కలిపాడు. "మంచిగ పాడినవమ్మా," అన్నాడు. అదే ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లినతను మాత్రం వెనక్కి రాలేదు.

స్కూలు హాలు

శనివారం పొద్దున ఆర్డెల్లా వెళ్లిపోయింది. సాయంత్రం మా రెండో కచేరీ. హాల్లో కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. ముందు వరసల్లో పట్టుచీరలు, మల్లెపూల బదులు ప్లాస్టిక్ పూలు. వయొలిన్ శృతి చేసుకుంటూ కిటికీలోంచి చూస్తే గేటు బయట అరవై, డెబ్బై మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఉతికిన చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు.

సంఘం కార్యదర్శిని పిలిచి అడిగాను.

"బ్యాచిలర్లండీ," అన్నాడు. "ఇది ఫ్యామిలీ ప్రోగ్రాం. మొదటి శుక్రవారం కూడా ఇలాగే బయట ఉన్నారు. అప్పుడు మీరు వాయించారు కదా?"

అప్పుడూ చూశాను. ఎవరో బస్సు కోసం నిలబడ్డారనుకుని తల తిప్పుకున్నాను.

"వాయించాను. అలా చేయకుండా ఉండాల్సింది," అన్నాను. "వాళ్లు లోపలికొస్తే మొదలుపెడతాను."

ఆయన బతిమాలాడు. మా ఆర్కెస్ట్రా వాళ్లూ కోప్పడ్డారు. కానీ వయొలిన్ పెట్టె మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరగంట గడిచింది. చివరికి పక్క తలుపులు తీశారు. వాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. రెండు కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి. మూడో వరసలో ఒకావిడ తన పిల్లను ఒళ్లోకి లాక్కుని, ఖాళీ అయిన కుర్చీ చూపించి, "కూర్చో నాయనా," అంది ఎవరితోనో. గంగారాం కోసం వెతికాను. ఓవర్‌టైమ్ పడిందట, రాలేదు. ఆ సంఘం నన్ను మళ్లీ పిలవలేదు.

ఇంటికొచ్చిన మూడు నెలలకు ఆర్డెల్లా దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తాను చేసింది తప్పేనని రాసి, ఇక ఆ దేశానికి వెళ్లనని ఆ జాబితా పెట్టేవాళ్లకు పంపిందట. జవాబు రాలేదట. ఒక చిన్న బట్టల కొట్టులో పని చేస్తోందట. చర్చి వాళ్లు మాత్రం ఆమెను పాడేవాళ్ల గుంపులో, చివరి వరసలో, ఒంటరిగా పాడకూడదన్న షరతు మీద నిలబడనిచ్చారు.

"మొదటి ఆదివారం అందరితో కలిసి పాడాను," అని రాసింది. "మా అమ్మ ఎప్పటిలాగే ముందు బల్ల మీద కూర్చుంది. ఇంతమంది గొంతుల్లో నాది ఆమెకు తెలియదనుకున్నాను. పాట సగంలో ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెనక వరసల్లో నాకోసం వెతకడం మొదలుపెట్టింది."